ప్లాంటు పెట్టిస్తారు సరే, నడిపే మనిషికి జీతం ఎవరిస్తారు?

ఈసారి సీఎస్ఆర్ నిధుల మీద, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే డబ్బు మీద ప్రశ్నలు పంపమని అడిగాం. చాలా వచ్చాయి. చదువుతుంటే చాలా ఉత్తరాల్లో ఒకే బాధ కనిపించింది: కంపెనీలు వస్తువులు ఇస్తాయి, ఆ వస్తువులను పనిలో పెట్టే మనుషులకు మాత్రం ఇవ్వవు. పేర్లు తీసేసి, ఊళ్ళు ఉంచి, కొన్నింటికి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మేం కొంతమంది ఆడవాళ్ళం కలిసి ఐదేళ్ళుగా సాయంత్రం పూట పిల్లలకు చదువు చెబుతున్నాం. సొసైటీగా రిజిస్టర్ కూడా చేయించాం. ఊరి పక్కనే పెద్ద ఫ్యాక్టరీ ఉంది. వెళ్తే గేటు దగ్గరే "హెడ్ ఆఫీసుకి మెయిల్ పెట్టండి" అని పంపేస్తారు. బిచ్చం ఎత్తుకోవడానికి వెళ్ళినట్టుగా ఉంటోంది. అసలు ఎలా అడగాలి?
– పరవాడ, అనకాపల్లి జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ బిచ్చం అన్న మాట మనసులోంచి తీసెయ్యండి. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ అని ఒకటుంది, 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. కిందటి ఆర్థిక సంవత్సరంలో నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న ప్రతి కంపెనీ, గత మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. దయ తలిచి ఇచ్చేది కాదు, చట్టం పెట్టమన్న ఖర్చు. పెట్టకపోతే ఆ డబ్బు ప్రభుత్వం చెప్పిన నిధికి జమ చెయ్యాలి, అదీ చెయ్యకపోతే జరిమానా. అదే సెక్షన్‌లో కంపెనీ పనిచేసే చోటుకి, దాని చుట్టుపక్కల ప్రాంతాలకి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా రాసి ఉంది. ఇది తప్పనిసరి అని పట్టుబట్టలేం గానీ, పొగ పీల్చేది మీ పిల్లలైనప్పుడు ఆ మాట ఉత్తరంలో మొదటి పేరాలోనే రాయడానికి మొహమాటం దేనికి?

గేటు దగ్గరికి వెళ్ళకండి. సెక్యూరిటీ అతను ఏం చేస్తాడు పాపం. ముందు ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో సీఎస్ఆర్ పాలసీ, కమిటీ సభ్యుల పేర్లు, బోర్డు ఒప్పుకున్న ప్రాజెక్టులు చూడండి, ఇవి వెబ్‌సైట్‌లో పెట్టాలని నిబంధన. యాన్యువల్ రిపోర్టులో వెనకెక్కడో సీఎస్ఆర్ అనుబంధం ఉంటుంది. ఎంత ఖర్చు పెట్టాలి, ఎంత పెట్టారు అన్నది అందులో ఉంటుంది. ఏ జిల్లాలో, ఏ సంస్థ ద్వారా అన్న వివరాలు 2022 సవరణ తర్వాత అందులో తప్పనిసరి కాదు, కొన్ని కంపెనీలు ఇస్తాయి. మీ జిల్లాకి ఎంత వచ్చిందో దొరికితే చూసుకుని అప్పుడు రాయండి. "మీరు ఫలానా ఏడాది చదువు మీద ఇంత ఖర్చు పెట్టారు, మీ ఫ్యాక్టరీ గోడ నుంచి కిలోమీటరు దూరంలో మేం ఇదే పని చేస్తున్నాం" అని రాసిన ఉత్తరాన్ని పక్కన పడెయ్యడం కష్టం.

ఇక కాగితాలు. కంపెనీ మీ చేతికి సీఎస్ఆర్ డబ్బు ఇవ్వాలంటే మీ సొసైటీకి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు ఉండాలి, అలాంటి పనిలో కనీసం మూడేళ్ళ అనుభవం చూపించాలి, సీఎస్ఆర్-1 ఫారం నింపి కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ దగ్గర నంబరు తెచ్చుకోవాలి. ఇది 2021 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. ఫారం మీద ప్రాక్టీసులో ఉన్న సీఏ గానీ, కంపెనీ సెక్రటరీ గానీ, కాస్ట్ అకౌంటెంట్ గానీ సంతకం పెట్టాలి. ఐదేళ్ళుగా చేస్తున్నారు కాబట్టి అనుభవానికి ఢోకా లేదు, కానీ ఆ ఐదేళ్ళ లెక్కలు ఆడిట్ అయ్యాయా? చాలా చిన్న సంస్థలు ఇక్కడే ఆగిపోతాయి. పని బ్రహ్మాండంగా ఉంటుంది, ఓచర్లు ఉండవు. ఇంకో సంగతి, జిరాక్స్ షాపులో, స్టేషనరీ షాపులో మెషీన్ మీద ఇచ్చే నున్నటి బిల్లులు ఏడాది తిరక్కుండానే వెలిసి తెల్ల కాగితాలైపోతాయి. ఏ రోజుకారోజు వాటిని జిరాక్స్ తీసి ఓచర్‌కి కుట్టెయ్యండి. ఆడిటర్ ముందు ఖాళీ కాగితం పట్టుకుని నిలబడటం కంటే అది నయం.

ఈ రిజిస్ట్రేషన్లు వచ్చేదాకా ఖాళీగా కూర్చోనక్కర్లేదు. కంపెనీ తనే నేరుగా ఖర్చు పెట్టొచ్చు, మీ గది అద్దె తనే కట్టొచ్చు, పుస్తకాలు తనే కొనివ్వొచ్చు. ఆ దారి అడగండి.

ప్రశ్న: మూడేళ్ళ కిందట ఒక కంపెనీ మా ఊళ్ళో ఆర్వో ప్లాంటు పెట్టించింది. మాది ఫ్లోరైడ్ ఊరు, ఎంత సంతోషించామో చెప్పలేను. ఎమ్మెల్యే గారు వచ్చి రిబ్బన్ కత్తిరించారు. ఇప్పుడు ఏడాదిగా మూలపడి ఉంది. కంపెనీ వాళ్ళకి ఫోన్ చేస్తే "మా ప్రాజెక్టు క్లోజ్ అయిపోయింది" అంటున్నారు. వాళ్ళని ఏమైనా అనగలమా?
– కనిగిరి దగ్గరి ఒక గ్రామం

జవాబు: ఈ ఉత్తరం చదివి చాలాసేపు కోపం తగ్గలేదు. కనిగిరి వైపు నీళ్ళ సంగతి తెలిసిన వాళ్ళకి ఆ ప్లాంటు ఆగిపోవడం అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. పళ్ళ మీద పచ్చటి గారలు, నడివయసులోనే వంగిపోయే నడుములు. డబ్బున్న వాళ్ళు టౌను నుంచి క్యాను తెప్పించుకుంటారు, లేనివాళ్ళు మళ్ళీ ఆ బోరు నీళ్ళే.

ప్లాంటు ఎందుకు ఆగుతుందో ఒకసారి దగ్గర్నుంచి చూద్దాం. లోపలికి వచ్చే నీటిలో మట్టిని పట్టుకునే కార్ట్రిడ్జ్ ఫిల్టర్ తరచూ మార్చాలి. అది మార్చకపోతే ఆ మట్టంతా లోపల నీళ్ళను శుద్ధి చేసే పొర, అంటే మెంబ్రేన్ మీద పడుతుంది. మెంబ్రేన్ బాగా చూసుకుంటే రెండు మూడేళ్ళు వస్తుంది, చూసుకోకపోతే నెలల్లోనే పూడుకుపోతుంది. కొత్తది వెయ్యాలంటే వేలల్లో పని. పైగా కరెంటు బిల్లు నెలనెలా వస్తుంది. ఇవన్నీ గమనించడానికి, నీళ్ళలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపే టీడీఎస్ మీటరు పెట్టి చూడటానికి, మోటారు కాలితే మెకానిక్‌ని పిలవడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషికి నెలకింత అని జీతం కావాలి. మీ ఊరి ప్లాంటు బడ్జెట్‌లో షెడ్డు ఉంది, ట్యాంకులు ఉన్నాయి, కంపెనీ పేరు రాసిన పెద్ద బోర్డు ఉంది, ప్రారంభోత్సవం షామియానా కూడా ఉండే ఉంటుంది. ఆపరేటర్ జీతం లేదు. మీ ఉత్తరంలో మూడేళ్ళు అని చూడగానే నాకు మొదట తట్టింది మెంబ్రేన్.

ఇలా ఎందుకు చేస్తారని కంపెనీ వాళ్ళని అడిగితే ఒక జవాబు ఎప్పుడూ తయారుగా ఉంటుంది: "జీతాలు అడ్మినిస్ట్రేటివ్ ఖర్చు కిందికి వస్తాయండీ, దానికి 5 శాతమే లిమిట్." ఇది తప్పు. గట్టిగా చెబుతున్నాను, తప్పు. నిబంధనల్లో ఉన్న ఆ 5 శాతం పరిమితి కంపెనీ లోపల తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టే సాధారణ ఖర్చుకి. ఒక ప్రాజెక్టును తయారు చెయ్యడానికి, అమలు చెయ్యడానికి, పర్యవేక్షించడానికి నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదని నిర్వచనంలోనే ఉంది. అంటే ప్లాంటు ఆపరేటర్ జీతం, ట్యూషన్ సెంటర్ టీచర్ జీతం, ఊరూరా తిరిగే ఆరోగ్య కార్యకర్త బస్సు చార్జీలు, ఇవన్నీ ప్రాజెక్టు ఖర్చే. ఎన్ని సంస్థలు ఈ ఒక్క మాట తెలియక తమ బడ్జెట్‌లో జీతాల వరస కొట్టేసుకుని, ఆ జీతాలు సొంత జేబులోంచి ఇచ్చుకుంటున్నాయో! కంపెనీ సీఎస్ఆర్ మేనేజర్ ఈ 5 శాతం మాట ఎత్తితే 2021 జనవరి 22న సవరించిన నిబంధనల్లో నిర్వచనం చూపించి, మర్యాదగానే, చదవమనండి. కంపెనీ సొంత పాలసీలో ఇంతకంటే కట్టుదిట్టంగా రాసుకుని ఉంటే అది వేరే సంగతి. అప్పుడు "ఇది మా పాలసీ" అని చెప్పాలి గానీ చట్టం మీదికి నెట్టకూడదు.

రెండోది, "మార్చి 31 లోపు ఖర్చు అయిపోవాలి, అందుకే యంత్రం కొనేశాం" అంటారు. ఇదీ సగం నిజమే. ప్రాజెక్టును ఆన్‌గోయింగ్ ప్రాజెక్టుగా బోర్డు ఆమోదిస్తే, మొదలుపెట్టిన ఏడాది కాక ఇంకో మూడేళ్ళ దాకా నడపొచ్చు. ఆ ఏడాది మిగిలిన డబ్బు ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో విడిగా ఒక బ్యాంకు ఖాతాలో వేసి ఉంచొచ్చు. మెంబ్రేన్, కార్ట్రిడ్జులు, ఆపరేటర్ జీతం మూడేళ్ళకి ముందే రాసుకోవడానికి చట్టం దారి చూపించింది. వాడుకోవాలన్న పట్టింపే లేదు.

ఇక మీరేం చెయ్యాలి. ప్లాంటు ఎవరి పేరున ఉందో ముందు తెలుసుకోండి. సీఎస్ఆర్ డబ్బుతో కొన్న ఆస్తిని కంపెనీ తన పేరున ఉంచుకోకూడదు. పంచాయతీకో, లబ్ధిదారుల స్వయం సహాయక సంఘానికో, సీఎస్ఆర్ నంబరున్న సంస్థకో ఉండాలి. పంచాయతీ పేరున ఉంటే బాగు చేయించే బాధ్యత కూడా అక్కడికే వస్తుంది, కాబట్టి గ్రామసభలో పెట్టించండి. డ్వాక్రా సంఘానికి అప్పగించి, క్యానుకి ఇంత అని తీసుకుని, ఆ డబ్బులో కొంత మెంబ్రేన్ కోసం విడిగా బ్యాంకులో వేసుకుంటే ప్లాంటు కాళ్ళ మీద నిలబడుతుంది. కంపెనీకి ఉత్తరం రాసేటప్పుడు "ప్లాంటు పాడైంది, సాయం చెయ్యండి" అని కాకుండా, ఏ భాగం పోయింది, కొటేషన్ ఎంత, రెండేళ్ళు ఆపరేటర్‌కి ఎంత, ఆ తర్వాత మేమే ఎలా నడుపుకుంటాం అని రాయండి. పాత ప్రాజెక్టు క్లోజ్ అయినా కొత్త ప్రతిపాదన పెట్టకూడదని ఎక్కడా లేదు. ఒక విషయం మాత్రం గుర్తుంచుకోండి, ప్రభావం ఎలా ఉందో బయటివాళ్ళ చేత అంచనా వేయించాలన్న నిబంధన సగటున ఏడాదికి 10 కోట్లు, ఆపైన సీఎస్ఆర్ ఖర్చు పెట్టాల్సిన కంపెనీలకే, అందులోనూ కోటి రూపాయలు, ఆపైన పెట్టిన ప్రాజెక్టులకే ఉంది. మీ ఊరి ప్లాంటు లాంటి దాన్ని వచ్చి చూడమని చట్టం ఎవరికీ చెప్పలేదు. మీరు ఫొటో తీసి పంపితేనే అది ఆగిపోయిందన్న సంగతి ఆ బోర్డు దాకా వెళ్తుంది.

ప్రశ్న: ఒకాయన వచ్చి, తనకి ముంబైలో పెద్ద కంపెనీలు తెలుసు, 50 లక్షల సీఎస్ఆర్ ఫండ్ ఇప్పిస్తాను, 40 శాతం నగదుగా వెనక్కి ఇవ్వాలి, ముందు ప్రాసెసింగ్ ఫీజు కట్టాలి అంటున్నాడు. మా కార్యదర్శి ఒప్పుకుందాం అంటున్నారు.
– హనుమకొండ

జవాబు: ఒప్పుకోకండి. ఫీజు కట్టించుకుని మాయమైపోయే రకమైతే ఆ ఫీజు పోతుంది, అదృష్టం బాగుండి అంతటితో ఆగుతుంది. నిజంగానే డబ్బు వచ్చి, అందులోంచి నగదు వెనక్కి ఇచ్చారనుకోండి, ఆ లేని ఖర్చుకి దొంగ బిల్లులు పెట్టాల్సింది మీరు. సంతకం మీ అధ్యక్షురాలిది, కార్యదర్శిది. రిజిస్ట్రేషన్ పోతుంది, క్రిమినల్ కేసు అవుతుంది, ఆ ఏజెంటు ఫోను స్విచాఫ్ వస్తుంది. 2025 మొదట్లో కేరళలో ఏం జరిగిందో పేపర్లలో చదివే ఉంటారు. సగం ధరకే స్కూటర్లు, ల్యాప్‌టాప్‌లు, కుట్టుమిషన్లు, మిగతా సగం సీఎస్ఆర్ నిధుల నుంచి వస్తుందని చెప్పి వేలమంది దగ్గర డబ్బు కట్టించుకున్నారు. అక్కడ చాలా చోట్ల జనాన్ని పోగుచేసింది స్థానిక సంస్థలే, నమ్మి చేసినవాళ్ళూ ఉన్నారు. తర్వాత ఊళ్ళో తల ఎత్తుకోలేకపోయింది వాళ్ళే.

మీ కార్యదర్శి గారికి ఈ పేజీ చూపించండి.

ప్రశ్న: మేం బస్తీలో లైబ్రరీ నడుపుతాం. ఒక ఐటీ కంపెనీ పాత కంప్యూటర్లు ఇచ్చి, వాటికి ఇన్ని లక్షలని రసీదు రాసిమ్మంటోంది. శనివారాలు వాళ్ళ ఉద్యోగులు టీషర్టులు వేసుకుని వస్తారు, పిల్లలతో ఫొటోలు దిగి వెళ్తారు. కాదంటే మానేస్తారేమోనని భయం.
– కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: రసీదు రాయకండి. వస్తువులకి విలువ కట్టి దాన్ని సీఎస్ఆర్ ఖర్చుగా చూపించడం కుదరదని మంత్రిత్వ శాఖ తన వివరణల్లో స్పష్టంగా చెప్పింది. ఉద్యోగుల శనివారం గంటలకీ అంతే, వాటిని డబ్బుగా లెక్కగట్టకూడదు. "ఇన్ని పాత కంప్యూటర్లు అందాయి" అని సంఖ్య రాసి, పనిచేస్తున్నవెన్నో, పనిచెయ్యనివెన్నో రాసి ఇవ్వండి. రూపాయలు రాయొద్దు. తీసుకునే ముందు ఒక్కొక్కటీ ఆన్ చేసి చూడండి, పనికిరానివి తీసుకుంటే రేపు ఆ ఈ-వేస్ట్ వదిలించుకునే ఖర్చు మీ నెత్తిన పడుతుంది.

ఉద్యోగుల మీద నాకు కోపం లేదు. ఆ కుర్ర ఉద్యోగుల్లో చాలామంది మన ఊళ్ళ నుంచి సర్కారు బళ్ళలో చదువుకుని వచ్చినవాళ్ళే, మనసు పెట్టి వచ్చేవాళ్ళు ఉంటారు. వాళ్ళకి ఏం చెయ్యాలో ఎవరూ చెప్పకపోవడం వల్ల ఫొటో దిగి వెళ్తారు. మీరు చెప్పండి. ప్రతి శనివారం ముప్పైమంది వద్దు, ఏడాది పొడుగునా అదే ఇద్దరు రండి, ఆరో తరగతి పిల్లలకి ఇంగ్లీషు చదివించండి అని. ఫొటోల విషయంలో మాత్రం తల్లిదండ్రుల అనుమతి కాగితం లేకుండా ఒక్కటి కూడా ఒప్పుకోవద్దు. బీదరికం కనపడేలా పిల్లల్ని నిలబెట్టి తీసే ఫొటో, అనుమతి ఉన్నా, వద్దనండి. దీనికి మానేసే కంపెనీ మానెయ్యనీ.

ప్రశ్న: మూడేళ్ళుగా ఒకే కంపెనీ మా స్కూల్ ఖర్చంతా భరించింది. ఈ ఏడాది "లాభాలు తగ్గాయి" అని ఒక్కసారిగా ఆపేసింది. ఇది చెల్లుతుందా?
– గుంటూరు

జవాబు: ఒప్పందంలో ఎన్నేళ్ళని రాసుకున్నారో అదే చెల్లుతుంది. కానీ ఒక మాట అడగొచ్చు: 2 శాతం లెక్క మూడేళ్ళ సగటు లాభం మీద కదా, ఒక్క ఏడాది తగ్గితే మొత్తం సున్నా ఎలా అవుతుంది? నిజంగా తగ్గిందా, లేక మీ స్కూల్‌కి తగ్గించి ఇంకోచోటికి మళ్ళించారా అన్నది వచ్చే యాన్యువల్ రిపోర్టులో మొత్తం సీఎస్ఆర్ ఖర్చు చూస్తే చాలావరకు తెలుస్తుంది.

ఒకే చేతి మీద ఆధారపడితే ఏమవుతుందో మన 108 అంబులెన్సుల చరిత్రలోనే ఉంది. 2005 ఆగస్టు 15న సత్యం రామలింగరాజు కుటుంబం డబ్బుతో హైదరాబాద్‌లో మొదలైంది. 2009 జనవరి 7న ఆయన కంపెనీ సత్యం కంప్యూటర్స్ లెక్కల బండారం ఆయన ఉత్తరంతోనే బయటపడింది. అంబులెన్సులు ఆగిపోతాయేమోనని రాష్ట్రమంతా టెన్షన్ పడింది. ఆగలేదు, ఎందుకంటే నడిపే ఖర్చులో సింహభాగం ప్రభుత్వం భరించే ఏర్పాటు అప్పటికే ఉంది, తర్వాత జీవీకే ముందుకొచ్చింది. మీకు అంత పెద్ద ప్రభుత్వ అండ దొరక్కపోవచ్చు. కనీసం పూర్వ విద్యార్థుల నెలవారీ చందా, ఇంకో చిన్న కంపెనీ, ఊళ్ళో వ్యాపారులు, ఇలా మూడు నాలుగు చోట్ల నుంచి టీచర్ల జీతాల వరకైనా వచ్చేలా చూసుకోండి. దాచుకోవడానికి కార్పస్, అంటే అసలు కదపకుండా ఉంచుకునే మూలనిధి ఇమ్మని కంపెనీని అడగాలనుకుంటున్నారేమో, 2021 జనవరి 22 నుంచి కార్పస్‌కి ఇచ్చేది సీఎస్ఆర్ కింద చెల్లదు. అది మీరు వేరే విరాళాలతోనే కట్టుకోవాలి.

ప్రశ్న: మా చెరువును పాడుచేసిన ఫ్యాక్టరీయే స్కూలుకి రెండు గదులు కట్టిస్తానంటోంది. మా యువజన సంఘాన్ని మధ్యవర్తిగా ఉండమంటోంది. తీసుకోవచ్చా?
– సంగారెడ్డి జిల్లా

జవాబు: మీ జిల్లాలో ఈ ప్రశ్న కొత్తది కాదు. పటాన్‌చెరు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది, అక్కడి రైతులు ఎన్నేళ్ళు తిరిగారో మీ పెద్దవాళ్ళని అడిగితే చెబుతారు. వ్యర్థ జలాలు శుద్ధి చెయ్యడం, పాడుచేసిన దాన్ని బాగుచెయ్యడం ఆ ఫ్యాక్టరీ మీద వేరే చట్టాలు పెట్టిన బాధ్యత, దాన్ని సీఎస్ఆర్ కింద రాసుకోకూడదు. గదులు కడితే చెరువు బాకీ తీరదు.

గదులు తీసుకోవాలా వద్దా అన్నది మీ సంఘం ఒక్కటే తేల్చే విషయం కాదు. గ్రామసభలో అందరి ముందూ పెట్టండి, ముఖ్యంగా చెరువు మీద బతికే బెస్తవాళ్ళని, గొర్రెల కాపరులని పిలవండి. తీసుకుంటే పిల్లలకి గదులు వస్తాయి, అందులో తప్పు లేదు. కానీ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటామనో, ఇక అభ్యంతరం లేదనో ఒక్క వాక్యం కూడా ఒప్పందంలో ఉండకూడదు, నోటిమాటగా కూడా అనకూడదు. వాళ్ళు ఇచ్చే కాగితం ఇంగ్లీషులో ఉంటే తెలుగులో రాయించుకుని చదివాకే సంతకం. మీ సంఘం మధ్యవర్తిగా ఉండొద్దని నా అభిప్రాయం. గదులు నేరుగా స్కూలుకి కట్టించమనండి. మీరు చెరువు కేసులో ఊరి తరఫున నిలబడాల్సిన వాళ్ళు.

ప్రశ్న: గుడి ప్రాకారానికి సీఎస్ఆర్ వస్తుందా?
– రాజోలు

జవాబు: రాదు. సీఎస్ఆర్ డబ్బు వేటికి వాడొచ్చో చెప్పే జాబితా, కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్‌లో మతపరమైన పనులు లేవు. చారిత్రక ప్రాధాన్యం ఉన్న కట్టడం అయితే వారసత్వ పరిరక్షణ కింద అడగొచ్చు.

ప్రశ్న: మా కంపెనీ, ఉద్యోగి ఎంత విరాళం ఇస్తే అంతే తనూ కలిపి ఇస్తుంది. మేం తెనాలి స్కూల్ పూర్వ విద్యార్థులం, ఇక్కడ పదిమందిమి ఉన్నాం. ఆ మ్యాచింగ్ డబ్బు మా ఊరి ట్రస్టుకి పంపాలంటే?
– డాలస్, అమెరికా

జవాబు: నేరుగా కుదరదు. ఆ మ్యాచింగ్ మామూలుగా అమెరికాలో 501(సి)(3) గుర్తింపు, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థలకే వెళ్తుంది. అక్కడి నుంచి ఇండియాకి రావాలంటే తెనాలి ట్రస్టుకి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ గానీ, ఆ ఒక్క విరాళానికి ముందస్తు అనుమతి గానీ ఉండాలి. డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. ఎఫ్‌సీఆర్ఏ ఉన్న పెద్ద సంస్థ తీసుకుని మీ ట్రస్టుకి పంచుదామన్నా 2020 సవరణ తర్వాత అదీ కుదరదు. ఆ పెద్ద సంస్థ తనే తెనాలిలో పని చెయ్యాలి.

మీ పదిమందిలో ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ట్రస్టుకి నేరుగా పంపొచ్చు, అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే, ఓసీఐ కార్డు ఉన్నా, విదేశీ విరాళమే. ఈ తేడా తెలియక వాట్సాప్ గ్రూపులో అందరి దగ్గరా పోగుచేసి ఒకే ఖాతా నుంచి పంపేస్తే చిక్కుల్లో పడేది తెనాలిలోని ట్రస్టు, మీరు కాదు.

ఇంకో దారి కూడా చూడండి. మీ కంపెనీకి హైదరాబాద్‌లో ఆఫీసు ఉందా? అది ఇక్కడ రిజిస్టరైన కంపెనీ అయి, విదేశీ పెట్టుబడి ఫెమా, అంటే విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం పరిమితిలో ఉంటే, దాని సీఎస్ఆర్ డబ్బుకి ఎఫ్‌సీఆర్ఏ అవసరం లేదు. అక్కడి మేనేజర్‌కి లోపలి ఉద్యోగిగా మీరు రాసే ఒక మెయిల్, తెనాలి నుంచి ట్రస్టు వాళ్ళు పంపే పది ఉత్తరాల కంటే ముందు తెరుస్తారు. అందులో కంప్యూటర్లు, బెంచీలు అడగకండి. స్కూల్లో సైన్సు చెప్పడానికి మనిషి లేకపోతే ఆ టీచర్ జీతం మూడేళ్ళకి అడగండి.